జాతిసంహార న్యాయశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయి: ఒక తెలుగు మాస్టారికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో ఐదేళ్ళ బీఏ ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉంది. 2024 జనవరిలో సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, గాజాలో జాతిసంహారం చేస్తోందంటూ ఇజ్రాయెల్‌పై దక్షిణాఫ్రికా వేసిన కేసులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో జరిగిన వాదనలను రెండు రోజులూ ఫోన్‌లో చూస్తూ కూర్చుంది. అప్పటి నుంచి జాతిసంహారం, సాయుధ సంఘర్షణలకు సంబంధించిన అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఎల్ఎల్ఎం, పీహెచ్‌డీ చేసి అధ్యాపకురాలిని అవుతానంటోంది. మా బావమరిదేమో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చోబెట్టమంటున్నాడు. ఈ చదువు చదివితే ఉద్యోగం వస్తుందా? ఇలాంటి విషయాల మీద రాస్తే వీసాకూ భవిష్యత్తుకూ ఇబ్బంది కాదా? నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి.
(గుంటూరు జిల్లా నుంచి ఒక తండ్రి)

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. మీరు అడిగిన రెండింటిలో ఒకటి కూటి ప్రశ్న, రెండోది భయం ప్రశ్న. రెంటికీ జవాబు చెబుతాను గానీ, వాటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి మీ లేఖలో లేదు. ఈ పనికి మీ అమ్మాయి స్వభావం సరిపోతుందా అన్నదే అది. దాన్ని నాకంటే మీరే బాగా తేల్చగలరు, ఎందుకంటే మీరు రోజూ తరగతిలో చేసే పనికీ ఆమె చేయాలనుకుంటున్న పనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

మన పత్రికల్లో మారణహోమం, నరమేధం, ఊచకోత, జాతిసంహారం అన్న మాటలు ఒకే వార్తలో ఒకదాని బదులు ఒకటి పడుతుంటాయి. శీర్షికలో ఎన్ని అక్షరాలు పడతాయో చూసుకుని ఉపసంపాదకులు ఏదో ఒకటి ఎంచుకుంటారు. చదివేవారికి అర్థమూ అవుతుంది. న్యాయశాస్త్రంలో ఆ వెసులుబాటు లేదు. జాతిసంహారానికి మూలమైన ‘జెనోసైడ్’ అన్న మాటను పోలండుకు చెందిన యూదు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ 1944లో వెలువడిన తన పుస్తకంలో ప్రవేశపెట్టాడు. గ్రీకు ‘జెనోస్’కు లాటిన్ ‘సైడ్’ను అతికించి చేసిన మాట అది, మీ విద్యార్థి ఎవరైనా ఇలాంటి పని చేస్తే వైరి సమాసమని ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉండేవారు. ఆ వైరి సమాసం మీదనే 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక ఒడంబడికను ఆమోదించింది. దాని రెండో అధికరణం ప్రకారం, ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని, అది ఆ సమూహం అయినందుకే, పూర్తిగా గానీ కొంత భాగం గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో, అక్కడ పేర్కొన్న ఐదు పనుల్లో ఏదైనా చేస్తేనే అది జాతిసంహారం అవుతుంది. చంపడం ఆ ఐదింటిలో ఒకటి మాత్రమే. పిల్లలను బలవంతంగా మరో సమూహంలోకి తరలించడమూ అందులో ఉంది. రాజకీయ సమూహాలకు మాత్రం ఆ జాబితాలో చోటు దక్కలేదు.

ఈ చివరి వాక్యం వల్ల ఏం జరిగిందో చూడండి. కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో చనిపోయినవారి సంఖ్య సుమారు 17 లక్షలని సాధారణంగా అంచనా వేస్తారు. ఆ పాలకులను విచారించిన ప్రత్యేక న్యాయస్థానం 2018 నవంబరులో జాతిసంహార నేరాన్ని నిర్ధారించింది గానీ, అది చామ్ ముస్లింలు, వియత్నామీయులు అన్న రెండు అల్పసంఖ్యాక సమూహాల విషయంలోనే. మృతుల్లో ఎక్కువమంది ఖ్మేర్లే, చంపినవారూ ఖ్మేర్లే. ఆ చావులు ‘మానవాళిపై నేరాలు’ అన్న వేరే నేరం కిందికి వెళ్ళాయి. మరోవైపు బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో ఏడు వేల మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను కొద్ది రోజుల్లో చంపిన ఘటనను యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రైబ్యునలూ, 2007 ఫిబ్రవరి 26 నాటి తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానమూ జాతిసంహారంగానే గుర్తించాయి. అదే తీర్పులో, ఆ యుద్ధంలో బోస్నియా అంతటా జరిగిన ఇతర హత్యల విషయంలో, అవి జరిగాయని ఒప్పుకుంటూనే, సమూహాన్ని నాశనం చేయాలన్న ఆ ప్రత్యేక ఉద్దేశం రుజువు కాలేదని న్యాయస్థానం చెప్పింది. అంటే శవాల లెక్క ఈ ప్రశ్నను తేల్చదు. ఇది విన్న చాలామంది విద్యార్థులకు మొదట కోపం వస్తుంది. రావలసిందే. ఆ కోపాన్ని పక్కన పెట్టి మళ్ళీ తీర్పు దగ్గరకు వెళ్ళి, ఏ పేరాలో ఏ సాక్ష్యాన్ని ఎందుకు చాలదన్నారో వెతికే ఓపిక ఎవరికి ఉంటుందో వారే ఈ రంగంలో నిలుస్తారు.

మీ అమ్మాయికి నేను ఇచ్చే మొదటి పాఠ్యం, 1994లో ర్వాండాలో టుట్సీ తెగవారిపై జరిగిన జాతిసంహారాన్ని విచారించిన ర్వాండా ట్రైబ్యునల్ 1998 సెప్టెంబరు 2న జాన్ పాల్ అకయేసు కేసులో ఇచ్చిన తీర్పు. ఒక అంతర్జాతీయ న్యాయస్థానం విచారణ జరిపి ఒక వ్యక్తిని జాతిసంహార నేరస్థుడిగా నిర్ధారించడం అదే మొదటిసారి. అకయేసు మొదట బడిపంతులు, ఆ తర్వాత పాఠశాలల ఇన్‌స్పెక్టరు, 1993 నుంచి తబా అనే ప్రాంతానికి మేయరు. 1994 ఏప్రిల్‌లో హత్యలు మొదలైన తొలి రోజుల్లో వాటిని ఆపడానికి ప్రయత్నించిన మనిషే, ఆ నెల మధ్యలో పైవారితో జరిగిన ఒక సమావేశం తర్వాత చంపేవారి పక్షానికి మారాడని తీర్పు చెబుతుంది. ఒక ఉపాధ్యాయుడిగా ఈ భాగం చదవడం మీకు కష్టంగా ఉంటుంది.

నేను ఆ తీర్పును మీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం భాష. సాక్షులు మాట్లాడింది కిన్యార్వాండా. న్యాయమూర్తులు విన్నది ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ. టుట్సీలను ఉద్దేశించి వాడిన ‘ఇన్యెంజి’ అన్న మాటకు నిఘంటువు అర్థం బొద్దింక. అది ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారన్న దాన్నిబట్టి ఆ మాట వెనక ఉద్దేశం ఏమిటో తేల్చడానికి ట్రైబ్యునల్ ఒక భాషాశాస్త్రవేత్త సాక్ష్యం తీసుకుంది. అత్యాచారానికి గురైన స్త్రీలు, చూసినవారు దాన్ని ఒకే మాటతో చెప్పలేదు. వారి నోట నాలుగు వేర్వేరు మాటలు వచ్చాయి, వాటిలో ఒకదానికి మామూలు అర్థం ‘పక్క పంచుకోవడం’. మన పల్లెల్లోనూ స్త్రీలు ఇలాంటి సంగతి సూటిగా చెప్పరు. ‘పాడు చేశాడు’ అంటారు, ‘చెయ్యి పట్టుకున్నాడు’ అంటారు. ఆ నాలుగు మాటలూ ఆ సందర్భంలో అత్యాచారాన్నే సూచిస్తున్నాయని న్యాయమూర్తులు తేల్చుకున్న తర్వాతే, అత్యాచారం కూడా జాతిసంహారంలో భాగం కాగలదన్న నిర్ణయం సాధ్యమైంది. ఆ ధర్మాసనంలో కూర్చున్న ముగ్గురిలో ఒకరు దక్షిణాఫ్రికాలో తమిళ మూలాలున్న కుటుంబంలో పుట్టిన నవనీతం పిళ్ళై. గాజాలో ఇజ్రాయెల్ జాతిసంహారానికి పాల్పడిందని 2025 సెప్టెంబరులో నివేదిక ఇచ్చిన ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్‌కు అప్పటి అధ్యక్షురాలూ ఆమే. ఇజ్రాయెల్ ఆ నివేదికను తిరస్కరించింది.

ఇప్పుడు మీ అమ్మాయి ఫోన్‌లో చూసిన కేసు దగ్గరకు వద్దాం. 2024 జనవరి 26న అంతర్జాతీయ న్యాయస్థానం తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చిన మర్నాడు, జాతిసంహారం జరిగే అవకాశం ఉందని కోర్టు చెప్పినట్టుగా ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. కోర్టు అలా అనలేదు. గాజాలోని పాలస్తీనీయులకు జాతిసంహారం నుంచి రక్షణ పొందే హక్కు ఉందన్న దక్షిణాఫ్రికా వాదన ప్రాథమికంగా నిలబడదగినదేననీ, ఆ హక్కుకు పూడ్చలేని నష్టం కలిగే ప్రమాదం ఉందనీ అన్నది. ఆ ఉత్తర్వు వెలువడిననాడు కోర్టుకు అధ్యక్షత వహించిన జోన్ డొనహ్యూ, పదవి నుంచి దిగిన తర్వాత, ఏప్రిల్‌లో బీబీసీతో మాట్లాడుతూ ఈ తేడాను స్వయంగా వివరించవలసి వచ్చింది. తుది తీర్పు ఇంకా రాలేదు. మీ అమ్మాయిని ఆ ఉత్తర్వు గురించి అడగండి. జవాబులో ‘ఉత్తర్వులో ఏముందో మళ్ళీ చూసి చెబుతాను నాన్నా’ అన్న మాట వస్తే నాకు ఆమె మీద నమ్మకం కలుగుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి విదేశీ విశ్వవిద్యాలయానికి రాసిన ఉద్దేశ పత్రంలో జెనోసైడ్ అన్న మాట పదకొండుసార్లు ఉంది, ఒక్క తీర్పు పేరూ లేదు. ఆ పత్రాన్ని నేను పంపనివ్వలేదు.

ఇక ఈ రంగపు విద్యా సంస్కృతి. బయటి నుంచి చూసేవారికి ఇది ప్రశాంతమైన గ్రంథాలయంలా కనిపిస్తుంది గానీ, లోపల మన పంచాయతీ ఎన్నికల వేడి ఉంటుంది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన తర్వాత ఎందరో ఆచార్యులు బహిరంగ లేఖల మీద సంతకాలు చేశారు. దానికి విరుద్ధంగా మరికొందరు చేశారు. 2025 ఆగస్టు చివర్లో జాతిసంహార పరిశోధకుల అంతర్జాతీయ సంఘం గాజా విషయమై తీర్మానం చేసినప్పుడు, ఓటు వేసినవారిలో అత్యధికులు దాన్ని సమర్థించారు గానీ, అసలు ఓటు వేసినవారే సభ్యుల్లో మూడో వంతు కూడా లేరన్న విమర్శ వెంటనే వచ్చింది. అంతకు ముందు 2023 నవంబరులో హార్వర్డ్ లా రివ్యూ ఒక పాలస్తీనా పరిశోధకుడి నుంచి తాము కోరి తెప్పించుకున్న వ్యాసాన్నే ప్రచురించకూడదని నిర్ణయించుకుంది. 2024 జూన్‌లో కొలంబియా లా రివ్యూ అదే పరిశోధకుడి మరో వ్యాసాన్ని ప్రచురిస్తే, దాని డైరెక్టర్ల బోర్డు కొన్ని రోజులపాటు పత్రిక వెబ్‌సైట్‌నే మూసివేసింది. అమెరికాలో అతి పెద్ద పేరున్న పత్రికల సంగతి ఇది. కనుక పేరున్న చోటికి వెళితే స్వేచ్ఛ దానంతటదే వస్తుందని మీ అమ్మాయి అనుకుంటే ఆ భ్రమను ఇప్పుడే తొలగించడం మంచిది.

రాసినవాడి చేతిలోంచి రాత జారిపోవడమూ ఈ రంగంలో మామూలే. 1948లో టోక్యో యుద్ధ నేరాల విచారణలో మన కలకత్తా న్యాయమూర్తి రాధావినోద్ పాల్ నిందితులందరూ నిర్దోషులేనని భిన్నాభిప్రాయం రాశారు. జపాన్ సైన్యం దారుణాలు చేయలేదని ఆయన అనలేదు. దురాక్రమణ యుద్ధం అప్పటి అంతర్జాతీయ చట్టంలో వ్యక్తులను శిక్షించదగిన నేరం కాదన్నది ఆయన వాదం. ఆ తేడాను వదిలేసినవారు ఆయనను తమ పక్షపు మనిషిగా చేసుకున్నారు. 2005లో టోక్యోలో జపాన్ యుద్ధ మృతులకు అంకితమైన యాసుకుని మందిరంలో ఆయనకు స్మారకం కూడా కట్టారు. మీ అమ్మాయి రాయబోయేదాన్ని ఎవరెలా వాడుకుంటారో ఆమె చేతిలో ఉండదు. ప్రతి వాక్యాన్నీ ఆధారంతో కట్టి, చెప్పని మాటను తన నోట పెట్టడానికి చోటు లేకుండా రాయడం మాత్రమే ఉంటుంది.

వీసా విషయంలో మీ భయం నిరాధారం కాదు. 2025లో అమెరికా, పాలస్తీనా విషయమై రాసిన లేదా నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలను రద్దు చేసింది. అదే ఏడాది జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవారు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని కోరుతోంది. అభిప్రాయాలు మార్చుకోమని నేను చెప్పను, దాచుకోమనీ చెప్పను. రాత్రి పదకొండింటికి కోపంలో పెట్టిన రెండు వాక్యాలకూ, ఆరు నెలలు చదివి రాసిన వ్యాసానికీ చెల్లించవలసిన మూల్యం ఒక్కటే అయినప్పుడు, ఆ మూల్యమేదో వ్యాసానికే చెల్లించమని చెబుతాను. పైగా ఈ చదువుకు అమెరికా తప్పనిసరి కాదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం, జెనీవాలోని గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్, యుద్ధ నియమాలు, మానవ హక్కుల మీద ఎల్ఎల్ఎం నడిపే జెనీవా అకాడమీ, జర్మనీలోని హైడెల్‌బర్గ్ మాక్స్ ప్లాంక్ సంస్థ ఈ రంగానికి పుట్టిళ్ళ వంటివి.

కూటి ప్రశ్నకు వస్తే, జాతిసంహార నిపుణులు కావలెను అన్న ప్రకటన మన దేశంలో మీకు ఎక్కడా కనిపించదు. ఆ మాటను సృష్టించిన లెమ్కినే 1959లో న్యూయార్క్‌లో పేదవాడిగా కన్నుమూశాడు. ఇక్కడ ఉద్యోగం వచ్చేది న్యాయశాస్త్ర అధ్యాపకురాలిగా. ఆమె పాఠం చెప్పవలసింది మొదట రాజ్యాంగ చట్టమో కాంట్రాక్టు చట్టమో కావచ్చు. ఎల్ఎల్ఎం తర్వాత యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే నెలకు 37,000 రూపాయలు, యూజీసీ స్కేలులో సహాయ ఆచార్య పదవి దొరికితే 57,700 మూలవేతనం. అది దొరకడమే కష్టం. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ళ తరబడి ఆగిపోయి, కాంట్రాక్టు అధ్యాపకులతో తరగతులు నడుస్తున్న సంగతి ఉపాధ్యాయుడైన మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు న్యాయ కళాశాలలు, విదేశాంగ శాఖలో ఒప్పందాల విభాగానికి యూపీఎస్సీ అప్పుడప్పుడు తీసుకునే న్యాయాధికారుల పోస్టులు, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ, శరణార్థుల సంస్థలు, వీటన్నిటినీ కలిపి చూసుకోవాలి. జాతిసంహారం మీద మాత్రమే కాక, అంతర్జాతీయ న్యాయశాస్త్రం మొత్తంలో గట్టి పునాది ఉంటే ఈ తలుపులన్నీ తెరుచుకునే అవకాశం ఉంటుంది. ఒకప్పటి మన కృష్ణా జిల్లా వీరుళ్లపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేసి, 1996 నుంచి 2017 వరకు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌లో న్యాయమూర్తిగా, అందులో మూడేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ దారి మన జిల్లాల నుంచి కొత్తది కాదు.

మీ బావమరిది గారి సలహాను నేను కొట్టిపారేయను. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి అయింది. ఎలాగూ మూడేళ్ళు కోర్టులో ఉండాలి కదా, ఉండనివ్వండి. సెషన్స్ కోర్టులో ఒక హత్య కేసు మొదటి సాక్షి నుంచి తీర్పు వరకు చూసినవారికి, ఉద్దేశం రుజువు చేయడం అంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పలేనంత బాగా తెలుస్తుంది. బ్రిటన్ ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, అదీ ఈ కాలంలోనే సమకూరుతుంది. ఈ మధ్యలో ఫ్రెంచి నేర్చుకోవాలి; అంతర్జాతీయ న్యాయస్థానానికి ఇంగ్లీషుతో సమానంగా అదీ అధికార భాష. ఇంకా విద్యార్థినిగా ఉన్నప్పుడే వీలైతే రెడ్‌క్రాస్ కమిటీ వారి హెన్రీ డునాంట్ మూట్ పోటీలో, అంటే నమూనా కోర్టు వాదనల పోటీలో, పాల్గొనాలి; ఆ తర్వాత హేగ్ అకాడమీ వేసవి తరగతులకు స్కాలర్‌షిప్‌తో దరఖాస్తు చేయాలి. ఇంట్లో డబ్బు పెట్టి ఎల్ఎల్ఎం చదివించడానికి పొలం అమ్మవద్దు. నెదర్లాండ్స్, జర్మనీ, నార్వేల్లో చాలా పీహెచ్‌డీ స్థానాలకు జీతం ఇస్తారు. ఆ దశ వరకు స్వదేశంలోనే ఎల్ఎల్ఎం చేసి చేరవచ్చు. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదని, జెనీవాలోనో న్యూయార్క్‌లోనో సొంత ఖర్చుతో బతకాలని ముందే తెలుసుకోండి. ఈ రంగంలో ఎవరు పైకి వస్తారన్నది చాలా సార్లు ఇక్కడే, తండ్రి బ్యాంకు ఖాతా దగ్గరే నిర్ణయమైపోతోంది. అది అన్యాయమే. అంతర్జాతీయ న్యాయస్థానపు జుడీషియల్ ఫెలోషిప్‌కు ఐక్యరాజ్యసమితి వర్ధమాన దేశాల అభ్యర్థుల కోసం నిధి ఏర్పాటు చేయడం చిన్న ఊరట. డబ్బు కడితే వారంలో వ్యాసం అచ్చు వేసే పత్రికల జోలికి మాత్రం వెళ్ళనివ్వకండి. అక్కడ అచ్చైన రెండు వ్యాసాలు ఉన్న పేరునూ పోగొడతాయి.

ఏం రాయాలన్న దానికి ఆమె గాజా దాకా కూడా వెళ్ళనక్కరలేదు. భారతదేశం 1959లో జాతిసంహార ఒడంబడికలో చేరింది. అయినా ఇప్పటికీ మన శిక్షాస్మృతిలో, కొత్త భారతీయ న్యాయ సంహితలో సైతం, ఆ నేరం లేదు. 1984 సిక్కుల హత్యల కేసులో 2018 డిసెంబరు 17న సజ్జన్ కుమార్‌ను దోషిగా తేల్చిన ఢిల్లీ హైకోర్టు ఈ లోపాన్ని తక్షణం సరిదిద్దాలని చెప్పింది. మంచి పరిశోధన గ్రంథానికి ఈ ఒక్క ఖాళీ చాలు.

ఈ వేసవిలో ఆమెకు ఒక పని పెట్టండి. అకయేసు తీర్పులో సాక్షుల మాటల అర్థాన్ని చర్చించిన భాగం, 2024 జనవరి 26 నాటి ఉత్తర్వు, రెండూ ఉచితంగా దొరుకుతాయి. అత్యాచార సాక్ష్యాలున్న పేరాలు రాత్రిపూట ఒంటరిగా చదవవద్దని చెప్పండి. ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవారు కూడా రోజుకు ఇంతేనని హద్దు పెట్టుకుంటారు. చదివిన తర్వాత రెండింటి గురించీ నాలుగు పేజీలు తెలుగులో రాయమనండి. తర్వాత మీ ఎర్ర కలం తీసి, నరమేధం, మారణహోమం, జాతిసంహారం అన్న మాటలు వచ్చిన ప్రతి చోటా గీత గీసి, ఇక్కడ కోర్టు వాడిన మాట ఏది, ఏ పేరాలో అని అంచున రాసి తిరిగి ఇవ్వండి. ఆమె రెండోసారి రాసిన ప్రతిని నాకు పంపండి.